సప్లై సగం బర్న్ చేస్తే ధర డబుల్ అవుతుందా?

మీరడిగినదాంట్లో రెండు ముక్కలున్నాయి. మీ దగ్గరున్న మీమ్ కాయిన్ (ఇంటర్నెట్ జోకు మీద పుట్టిన క్రిప్టో కాయిన్) టీమ్ "మొత్తం సప్లైలో 50 శాతం బర్న్ చేస్తున్నాం", అంటే ఉన్న కాయిన్లలో సగం ఎవరూ ఎప్పటికీ వాడలేకుండా చేసేస్తున్నాం, అని ప్రకటించింది, గ్రూపులో అందరూ ధర రెండింతలు ఖాయం అంటున్నారు, నిజమేనా అన్నది ఒకటి. సప్లై తగ్గితేనే విలువ అనుకుంటే, అసలు సప్లైకి పరిమితే లేని డోజ్‌కాయిన్ అనే మీమ్ కాయిన్ ఇన్నేళ్ళుగా ఎలా నిలబడింది అన్నది రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాటే: అవదు. కనీసం బర్న్ వల్ల అవదు. రెండోదానికి కాస్త ఓపిగ్గా చదవాలి.

ముందు లెక్క చూద్దాం. మార్కెట్ క్యాప్ అంటే ధరని సప్లైతో గుణిస్తే వచ్చే అంకె. చాలామంది దీన్ని తిరగేసి చదువుతారు. మార్కెట్ క్యాప్ అనే డబ్బు ఎక్కడో మూటగట్టి ఉన్నట్టు, దాన్ని తక్కువ కాయిన్లకి పంచితే ఒక్కో కాయిన్ వాటా పెరుగుతుందన్నట్టు. అలాంటి మూట ఎక్కడా లేదు. ధర పుట్టేది చివరగా ఒకరు అమ్మి ఇంకొకరు కొన్న చోట, ఆ ధరతో మిగతా కాయిన్లన్నిటినీ గుణించి పెద్ద అంకె చూపిస్తారు, అంతే.

చిన్న కాయిన్లు ఎక్కువగా డీసెంట్రలైజ్డ్ ఎక్స్‌ఛేంజ్‌లో (మధ్యలో కంపెనీ లేకుండా ప్రోగ్రామే నడిపే మార్కెట్) ఒక లిక్విడిటీ పూల్ మీద, అంటే కొనడానికీ అమ్మడానికీ వాడే ఉమ్మడి నిల్వ మీద నడుస్తాయి. పూల్‌లో ఒకవైపు కాయిన్లు, ఇంకోవైపు డాలర్లు (ఒక డాలర్ దగ్గర నిలబడేలా చేసిన స్టేబుల్‌కాయిన్ అనుకోండి). ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే లబ్ధం మారకూడదు, ఉన్న రూలు అదే. మొత్తం సప్లై 100 కోట్లు, అందులో 10 కోట్లు పూల్‌లో, వాటికి ఎదురుగా 10,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. ధర 0.0001 డాలర్, స్క్రీన్ మీద మార్కెట్ క్యాప్ లక్ష డాలర్లు. ఎవరో 1,000 డాలర్లు పెట్టి కొన్నారు. ఫీజు పక్కన పెడితే పూల్‌లో డాలర్లు 11,000 అయ్యాయి, కాయిన్లు సుమారు 9.09 కోట్లకి తగ్గాయి, కొత్త ధర 0.000121. మార్కెట్ క్యాప్ లక్షా 21 వేలు. లోపలికొచ్చింది వెయ్యి, పెరిగిన "విలువ" 21 వేలు. ఇప్పుడు మళ్ళీ మొదటి స్థితికి వెళ్ళి, 10 కోట్ల కాయిన్లున్న ఒక హోల్డర్ అన్నీ ఒకేసారి అమ్మేశాడనుకోండి. స్క్రీన్ ప్రకారం అతని దగ్గరున్నది 10,000 డాలర్ల సరుకు. చేతికొచ్చేది 5,000. ధర నాలుగో వంతుకి పడిపోతుంది.

ఇదే పూల్‌ని అలాగే ఉంచి, మీ టీమ్ తన వాలెట్‌లో (కాయిన్లుండే ఖాతాలో) ఉన్న 50 కోట్ల కాయిన్లు కాల్చేసిందనుకోండి. పూల్‌లో ఏం మారింది? ఏమీ మారలేదు. అక్కడ ఇప్పటికీ 10 కోట్ల కాయిన్లు, 10,000 డాలర్లు ఉన్నాయి, ధర 0.0001. మారిందల్లా మార్కెట్ క్యాప్, అది లక్ష నుంచి 50 వేలకి తగ్గింది. బర్న్ వల్ల లెక్క ప్రకారం ఖచ్చితంగా జరిగే మార్పు ఇదొక్కటే, అదీ గ్రూపులో చెప్పినదానికి పూర్తిగా రివర్స్. ధర పెరగాలంటే, బర్న్ గురించి విని ఎవరో కొత్తగా డబ్బు తీసుకురావాలి, లేదంటే అమ్మాలనుకున్నవాళ్ళు ఆగాలి.

మరి బర్న్ పూర్తిగా ఉత్తదేనా అంటే, అలా కూడా కాదు. ఆ 50 కోట్ల వాలెట్ ఏదో ఒక రోజు వచ్చి పూల్ మీద పడుతుందనే భయం అందరికీ ఉంటుంది, బర్న్ చేస్తే ఆ భయం పోతుంది. కాబట్టి కాల్చిన కాయిన్లు మార్కెట్లోకి వచ్చే అవకాశం ఎంతుందో బర్న్ విలువ అంత. రేపో మాపో అమ్ముతారనుకున్నవి కాలిస్తే విలువ చాలా ఉంటుంది, ఎప్పటికీ కదలవని అందరూ అనుకుంటున్నవి కాలిస్తే దాదాపు సున్నా.

దీనికి స్టెల్లార్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 2019 నవంబర్‌లో స్టెల్లార్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ 10,500 కోట్ల ఎక్స్ఎల్ఎమ్ (స్టెల్లార్ కాయిన్) మొత్తం సప్లైలో 5,500 కోట్లు బర్న్ చేసింది. సగానికి పైగా ఒక్క దెబ్బతో పోయాయి. గ్రూపు లెక్క ప్రకారం ధర రెండింతలు దాటాలి. కొద్ది రోజులు ఎగిసింది, తర్వాత జారుకుంటూ వచ్చి ఏడాది చివరికి బర్న్‌కి ముందున్న ధర కన్నా కిందికి చేరింది. కాల్చినవన్నీ ఫౌండేషన్ సొంత ఖాతాల్లో పడి ఉన్నవి, మార్కెట్లో తిరుగుతున్నవి కావు. అమ్మకానికి వచ్చే ఎక్స్ఎల్ఎమ్ ఆ ముందు రోజు ఎంతో తర్వాతి రోజూ అంతే.

షిబా ఇను (షిబ్) అనే మీమ్ కాయిన్ సంగతి వేరేగా ఉంటుంది. 2020 ఆగస్టులో దాన్ని మొదలుపెట్టిన రియోషి అనే మారుపేరు మనిషి, మొత్తం వెయ్యి ట్రిలియన్లలో (ట్రిలియన్ అంటే లక్ష కోట్లు) దాదాపు సగం తీసుకెళ్ళి ఎథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ సహస్థాపకుడు విటాలిక్ బుటెరిన్ వాలెట్‌కి పంపేశాడు. ఆయన అడగలేదు. "విటాలిక్ దగ్గరుంటే కాల్చినట్టే" అనే కథ మీద ఆ కాయిన్ పెరిగింది. 2021 మేలో ఆయన అందులోంచి 50 ట్రిలియన్లు తీసి భారత్‌లో కోవిడ్ సాయం కోసం పెట్టిన క్రిప్టో రిలీఫ్ ఫండ్‌కి ఇచ్చేశారు, అప్పటి స్క్రీన్ ధరలో అది సుమారు వంద కోట్ల డాలర్లు. ధర కుప్పకూలింది. గమనించండి, ఇక్కడ సప్లై ఒక్క కాయిన్ కూడా పెరగలేదు. ఆ వాలెట్ కదలదు అనే నమ్మకం ఒక్కటే పోయింది. ఫండ్‌వాళ్ళు కూడా అంతా ఒకేసారి అమ్మితే పైన పూల్ లెక్కలో చూసినట్టే అవుతుంది కాబట్టి కొద్దికొద్దిగా అమ్ముకోవాల్సి వచ్చింది. కొన్ని రోజులకి విటాలిక్ మిగిలినవాటిలో 410 ట్రిలియన్లు బర్న్ చేసేశారు, ఆ అధికారం తనకొద్దన్నారు. ఇది నిజంగా విలువున్న బర్న్, ఎందుకంటే ఆ చేయి కదులుతుందని అప్పటికే అందరూ కళ్ళారా చూశారు. అయినా షిబ్ అత్యధిక ధర వచ్చింది ఆ బర్న్ నాడు కాదు, ఐదు నెలల తర్వాత అక్టోబర్ ఆఖర్లో, సప్లైలో చెప్పుకోదగ్గదేమీ జరగని రోజుల్లో.

అప్పుడు పెంచింది ఏంటి? మీమ్. ఇక్కడ నాకు చాలామందితో పేచీ ఉంది. మీమ్ అంటే ప్రచారం, కొత్తవాళ్ళని లాక్కొచ్చే గాలం అని అందరూ అనుకుంటారు. ఆ పని చేస్తుంది, కాదనను. కానీ మీమ్ చేసే పెద్ద పని ఉన్నవాళ్ళని అమ్మనివ్వకపోవడం. కాయిన్లు మొత్తం ఎన్నున్నా, ఈ రోజు ఈ ధరకి అమ్మడానికి సిద్ధంగా ఉన్నవి ఎన్ని అన్నదే ధరని నడిపే సప్లై. మంచి మీమ్ ఆ సంఖ్యని ఏ బర్న్ కన్నా ఎక్కువగా తగ్గిస్తుంది, పైగా ఖర్చు లేకుండా. 2013 డిసెంబర్‌లో బిట్‌కాయిన్ దారుణంగా పడుతున్నప్పుడు ఒకాయన మందు మీదుండి బిట్‌కాయిన్‌టాక్ అనే ఆన్‌లైన్ ఫోరమ్‌లో హోల్డింగ్ అనబోయి హోడ్లింగ్ అని టైప్ చేశాడు, అది తెలిసిన కథే. ఆ తప్పు స్పెల్లింగ్ మీద అందరూ నవ్వుకున్నారు గానీ పోస్టులో ఆయన చెప్పింది మాత్రం చాలా తెలివైన మాట: నేను మంచి ట్రేడర్ని కాదు, పైకీ కిందికీ ఊగే ధరని పట్టుకోవాలని చూస్తే నా డబ్బు నిజమైన ట్రేడర్లు తీసుకుపోతారు, అందుకే అమ్మట్లేదు. లక్షలమంది ఆ మాటని జోకుగా మొదలుపెట్టి చివరికి నియమంగా పాటించారు. ఎన్ని కాయిన్లు అలా మార్కెట్ నుంచి పక్కకి వెళ్ళాయో ఏ బ్లాక్‌చెయిన్‌లోనూ (లావాదేవీలన్నీ రాసుండే ఉమ్మడి ఖాతా పుస్తకం) "బర్న్" అని నమోదు కాలేదు, కానీ ధర మీద ప్రభావం అదే రకం.

ఒక తేడా ఉంది, దాన్ని మర్చిపోతే మునుగుతారు. కాల్చిన కాయిన్ తిరిగి రాదు, మీమ్ ఆపిన కాయిన్ వస్తుంది. అదీ అందరికీ ఒకేసారి భయం పట్టిన రోజే వస్తుంది.

ఇప్పుడు బిట్‌కాయిన్ హావింగ్, ఎందుకంటే మీ గ్రూపువాళ్ళు "బిట్‌కాయిన్ కూడా సప్లై తగ్గే పెరిగింది కదా" అని దాన్నే చూపిస్తారు. ప్రతి 2,10,000 బ్లాకులకి (లావాదేవీల కట్టలకి), అంటే సుమారు నాలుగేళ్ళకి, కంప్యూటర్లతో ఆ బ్లాకులు చేర్చే మైనర్లకి కొత్త కాయిన్లుగా వచ్చే రివార్డు సగమవుతుంది. 2012లో 50 నుంచి 25, 2016లో 12.5, 2020లో 6.25, 2024 ఏప్రిల్‌లో 3.125. మొత్తం బిట్‌కాయిన్లు 2.1 కోట్లు దాటవు. ముందు గమనించాల్సింది, హావింగ్‌లో ఇప్పటికే ఉన్న సప్లై తగ్గదు, కొత్తగా వచ్చే వేగం తగ్గుతుంది. ఇది బర్న్ కన్నా గట్టి విషయం, ఎందుకంటే మైనర్లు కరెంటు బిల్లులు కట్టాలి కాబట్టి కొత్త కాయిన్లలో చాలా భాగం తప్పనిసరిగా అమ్ముడవుతుంది. అంటే ఇక్కడ కోత పడేది నిజంగా అమ్మకానికి వచ్చే సరుకు మీద. 2012లో రోజుకి 7,200 కొత్త కాయిన్లు 3,600 అయ్యాయి, ఆనాటి చిన్న మార్కెట్‌కి అది పెద్ద కోతే. 2024లో 900 కాస్తా 450 అయ్యాయి, అప్పటి 64,000 డాలర్ల ధరలో రోజుకి సుమారు 2.9 కోట్ల డాలర్ల అమ్మకం తగ్గినట్టు. రోజూ వేల కోట్ల డాలర్లు చేతులు మారే మార్కెట్లో అది సముద్రంలో కాకిరెట్ట.

ధరలు చూసినా అదే తెలుస్తుంది. 2012 హావింగ్ నాటి 12 డాలర్ల నుంచి మరుసటి ఏడాది చివరికి వెయ్యి దాటింది, 2016లో 650 నుంచి 2017 డిసెంబర్‌కి దాదాపు 20,000, 2020లో 8,600 నుంచి 2021 నవంబర్‌కి 69,000, 2024లో 64,000 నుంచి 2025 అక్టోబర్‌కి 1,26,000 దాకా. ప్రతిసారీ పెరిగింది, ప్రతిసారీ పెరిగే రెట్లు బాగా తగ్గాయి. పైగా నాలుగు సంఘటనలతో నియమం రాయలేం, 2020 తర్వాత ప్రపంచమంతా సెంట్రల్ బ్యాంకులు డబ్బు కుమ్మరించాయి, 2024లో అయితే జనవరిలో అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లకి (బిట్‌కాయిన్ కొని పెట్టుకుని, స్టాక్ మార్కెట్లో వాటాలమ్మే ఫండ్లకి) అనుమతి వచ్చి మార్చిలోనే, హావింగ్ కన్నా ముందే, పాత రికార్డు దాటేసింది. నా అభిప్రాయం ఏంటంటే, ఇప్పుడు హావింగ్ సప్లై సంఘటనగా కన్నా కేలండర్‌గా ఎక్కువ పనిచేస్తోంది. తేదీ అందరికీ ముందే తెలుసు, ఆ తేదీ దాకా అమ్మకుండా ఆగాలని అందరికీ తెలుసు, చార్టులు, కౌంట్‌డౌన్లు, ప్రొఫైల్ ఫోటోల్లో లేజర్ కళ్ళు, ఇవన్నీ ఆ ఆగడాన్ని నిలబెట్టే సామగ్రి. సప్లై మార్పు కూడా మీమ్‌కి ముడిసరుకే అంటున్నాను, అంతే.

డోజ్‌కాయిన్‌కి వద్దాం. 2013 డిసెంబర్‌లో బిల్లీ మార్కస్, జాక్సన్ పామర్ దాన్ని క్రిప్టో హడావుడిని వెక్కిరించడానికి వదిలారు. మొదట్లో 10,000 కోట్ల దగ్గర ఆగుతుందన్నారు, బ్లాక్ రివార్డు కూడా లాటరీలా సున్నా నుంచి పది లక్షల మధ్య ఎంతైనా రావచ్చు. 2014 ఫిబ్రవరిలో, ఆ పరిమితి ఉండదని, 6,00,000వ బ్లాకు నుంచి ప్రతి బ్లాకుకీ 10,000 డోజ్ ఎప్పటికీ వస్తూనే ఉంటాయని తేల్చేశారు. నిమిషానికో బ్లాకు కాబట్టి ఏడాదికి 525 కోట్ల పైచిలుకు కొత్త డోజ్. "పరిమిత సప్లైలోనే విలువ" అనే సిద్ధాంతం నిజమైతే ఆ రోజే దాని కథ ముగిసిపోవాలి.

ఎందుకు ముగియలేదంటే, ఒక కారణం లెక్కలో ఉంది. ఏటా వచ్చేది స్థిరమైన సంఖ్య, శాతం కాదు. 10,000 కోట్లున్నప్పుడు ఏటా 5 శాతానికి పైగా పెరిగేది, 15,000 కోట్లకి చేరాక మూడున్నర శాతమే, అలా ఏటా ఇంకా తగ్గుతూనే ఉంటుంది. పరిమితి లేదు అన్న మాటకీ విచ్చలవిడిగా ముద్రిస్తారు అన్న మాటకీ చాలా దూరం ఉంది, డోజ్‌లో వచ్చే పదేళ్ళలో ఎన్ని కాయిన్లుంటాయో ఇప్పుడే కాగితం మీద రాసుకోవచ్చు, చాలా "పరిమిత" టోకెన్లలో ఆ సౌకర్యం లేదు. ఆ కొత్త కాయిన్లు మైనర్లకి జీతం, నెట్‌వర్క్‌కి కాపలా.

రెండో కారణం, ఆ సముదాయం తొలిరోజుల్లో డోజ్‌ని దాచుకునే వస్తువుగా చూడలేదు. ఎవరైనా మంచి కామెంట్ రాస్తే నాలుగు డోజ్ టిప్పు పడేసేవాళ్ళు. 2014 సోచీ వింటర్ ఒలింపిక్స్‌కి వెళ్ళడానికి డబ్బుల్లేని జమైకా బాబ్‌స్లెడ్ జట్టుకి సుమారు 30,000 డాలర్ల విలువైన డోజ్ పోగుచేశారు. "ఒక డోజ్ అంటే ఒక డోజ్" అనేది వాళ్ళ నానుడి, డాలర్‌తో పోల్చకు అని. వినడానికి పిచ్చిగా ఉంటుంది గానీ దాని ఫలితం చూడండి: ధర 90 శాతం పడినా జోకు పాతబడదు, జోకు పాతబడనంతకాలం మనుషులు పోరు. ధర పెరుగుతుందన్న ఒక్క వాగ్దానం మీదే కట్టిన సముదాయానికి ఈ వెసులుబాటు ఉండదు, ధర ఆగిన రోజే వాళ్ళకి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

డోజ్‌ని మరీ నెత్తిన పెట్టుకోకండి. 2021 మే 8న ఎలాన్ మస్క్ టీవీ కామెడీ షోకి వస్తున్నాడని ఎదురుచూస్తూ ధర 73 సెంట్ల దాకా వెళ్ళింది, షో నడుస్తుండగానే దారుణంగా పడింది. అంతకాలం అమ్మకుండా ఆగినవాళ్ళందరూ ఆగింది ఒకే తేదీ కోసం కాబట్టి అమ్మింది కూడా ఒకేసారి. ఇక రోజూ పుట్టే 1.44 కోట్ల డోజ్, ధర 20 సెంట్లుంటే, రోజుకి 29 లక్షల డాలర్ల కొత్త సరుకు. ఆ ధర నిలబడాలంటే మైనర్లు అందులో అమ్మినంతా రోజూ ఎవరో ఒకరు కొంటూ ఉండాలి. జోకుకి అయ్యే ఖర్చు అది.

సున్నాల సంగతి చెప్పకుండా సప్లై గురించి మాట్లాడలేం. ధర 0.00001 అని కనపడితే "ఒక్క సెంటుకి వెళ్ళినా చాలు, కోటీశ్వరుణ్ణే" అనిపిస్తుంది మనకి. సప్లైని ట్రిలియన్లలో పెట్టేది దానికోసమే. పెపే కాయిన్ సప్లై 420.69 ట్రిలియన్లు, ఆ అంకే ఇంటర్నెట్ కుర్రకారు జోకు, దాని వెనక ఆర్థికశాస్త్రం ఏమీ లేదు. షిబ్ ఒక సెంటుకి వెళ్ళాలంటే ఉన్న సుమారు 589 ట్రిలియన్ల కాయిన్లతో మార్కెట్ క్యాప్ 5.9 ట్రిలియన్ డాలర్లు కావాలి, బిట్‌కాయిన్ అంతటిది తన శిఖరం మీద ఉన్నప్పుడు కూడా రెండున్నర ట్రిలియన్లే. ఈ గుణకారం ఫోన్ కాలిక్యులేటర్లో అర నిమిషం పని, అయినా "సెంటు" ప్రచారం ఏళ్ళ తరబడి నడిచింది. పోల్కాడాట్ అనే క్రిప్టో నెట్‌వర్క్‌వాళ్ళు 2020 ఆగస్టులో తమ కాయిన్ డాట్‌లో పాత డాట్ ఒక్కటిని కొత్త డాట్ వందగా మార్చారు, కోటి కాస్తా వంద కోట్లయ్యాయి. ఎవరి వాటా పైసా మారలేదు, స్క్రీన్ మీద ధర మాత్రం "చవగ్గా" కనపడింది. సప్లై అంకెకి దానంతట అదిగా అర్థం లేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి.

సప్లై నిజంగా తగ్గినా, మీమ్ బ్రహ్మాండంగా ఉన్నా, లాభం లేకపోవచ్చు అనడానికి ఎథీరియం ఉంది. 2021 ఆగస్టులో లండన్ అప్‌గ్రేడ్‌తో ప్రతి లావాదేవీకి కట్టే కనీస రుసుము, అంటే బేస్ ఫీజు, బర్న్ అవడం మొదలైంది. 2022 సెప్టెంబర్‌లో మెర్జ్ అనే అప్‌గ్రేడ్‌తో మైనింగ్ ఆగి, రోజుకి సుమారు 13,000 ఈథర్ల (ఎథీరియం కాయిన్ల) కొత్త జారీ 1,700 దగ్గరికి పడిపోయింది. బర్న్ అంతకన్నా ఎక్కువున్న రోజుల్లో మొత్తం సప్లై నిజంగానే తగ్గింది. బంగారం సౌండ్ మనీ (విలువ నిలబడే గట్టి డబ్బు) అయితే ఈథర్ అల్ట్రాసౌండ్ మనీ అన్నారు, అల్ట్రాసౌండ్‌కి గుర్తుగా గబ్బిలం ఎమోజీలు పెట్టుకున్నారు, సప్లై తగ్గడాన్ని లైవ్‌లో చూపించే వెబ్‌సైట్లొచ్చాయి. 2024 మార్చి డెంకున్ అప్‌గ్రేడ్‌తో లేయర్ 2 నెట్‌వర్కుల (ఎథీరియం మీద ఆధారపడి నడిచే చవక నెట్‌వర్కుల) ఫీజులు బాగా తగ్గాయి, వాడేవాళ్ళకి మంచిదే, కానీ ఫీజు తగ్గితే బర్నూ తగ్గుతుంది, సప్లై మళ్ళీ మెల్లగా పెరగసాగింది. అంతకన్నా ముఖ్యమైన అంకె ఒకటుంది: మెర్జ్ నాడు ఒక ఈథర్‌కి 0.08 బిట్‌కాయిన్ వచ్చేది, 2025 ఏప్రిల్ నాటికి 0.02 కన్నా తక్కువ. ఆ మధ్యకాలంలో చాలావరకు తగ్గుతూ వచ్చింది ఈథర్ సప్లై, పెరుగుతూ వచ్చింది బిట్‌కాయిన్ సప్లై. గెలిచింది పెరిగేది. ఈటీఎఫ్ డబ్బు, పోటీ బ్లాక్‌చెయిన్లు, కారణాలు చాలా ఉన్నాయి, నేననేది ఆ కారణాల ముందు సప్లై గ్రాఫ్ నిలబడలేకపోయిందని.

ఇక లూనా, టెర్రా అనే క్రిప్టో నెట్‌వర్క్ కాయిన్. దీన్ని చదవకుండా ఎవరూ "బర్న్ మెకానిజం" అనే మాట వినగానే సంబరపడకూడదు. యూఎస్‌టీ అనే స్టేబుల్‌కాయిన్ ఒక డాలర్ దగ్గర నిలబడటానికి, ఒక యూఎస్‌టీ ఇస్తే ఎప్పుడైనా ఒక డాలర్ విలువైన లూనా కొత్తగా ముద్రించి ఇచ్చేవాళ్ళు, లూనా ఇస్తే దాన్ని కాల్చి యూఎస్‌టీ ఇచ్చేవాళ్ళు. యాంకర్ అనే డిపాజిట్ సర్వీసులో యూఎస్‌టీకి దాదాపు 20 శాతం వడ్డీ ఇస్తున్నన్ని రోజులు జనం యూఎస్‌టీ కోసం ఎగబడ్డారు, లూనా బర్న్ అవుతూ పోయింది, లూనాటిక్స్ అని పేరు పెట్టుకున్న సముదాయం ప్రతి బర్న్‌నీ పండగ చేసుకుంది, 2022 ఏప్రిల్‌లో ధర 119 డాలర్లు దాటింది. మే నెలలో యూఎస్‌టీ డాలర్ కిందికి జారగానే అదే యంత్రం వెనక్కి తిరిగింది. లూనా 80 డాలర్లున్నప్పుడు ఒక యూఎస్‌టీని మార్చుకుంటే పుట్టేది లూనాలో ఎనభయ్యో వంతు. ధర ఒక డాలర్‌కి పడితే ఒక లూనా. ఒక సెంటుకి పడితే వంద లూనాలు. ధర ఎంత పడితే అంత ఎక్కువ ముద్రణ, ఎంత ముద్రిస్తే అంత పతనం. మే మొదట్లో 35 కోట్ల లోపున్న సప్లై కొద్ది రోజుల్లోనే 6.5 ట్రిలియన్లయింది. "అమ్మకండి" అనే మీమ్ అక్కడ ఏం చేయగలదు? పాత హోల్డర్లు ఒక్కరు కూడా అమ్మకపోయినా, గంట గంటకీ కొత్త కాయిన్లు పుట్టి అమ్మకానికి వస్తున్నాయి.

దానికి కొనసాగింపు ఇంకా విచిత్రం. మిగిలిన పాత లూనాకి, అంటే ఎల్‌యూఎన్‌సీకి, 2022 సెప్టెంబర్‌లో ప్రతి లావాదేవీ మీద 1.2 శాతం బర్న్ ట్యాక్స్ పెట్టారు. ట్యాక్స్ వస్తోందని ధర ఎగిసింది, వచ్చాక జారింది. ట్యాక్స్ భారానికి చెయిన్ మీద లావాదేవీలే తగ్గిపోతే నెల తిరక్కుండా 0.2 శాతానికి దించారు. మూడేళ్ళు కాల్చినా ఇంకా ఆరు ట్రిలియన్ల పైనే ఉన్నాయి.

ఇవన్నీ పెట్టుకుని మీ కాయిన్ చూడండి. కాంట్రాక్ట్ (కాయిన్‌ని నడిపే ప్రోగ్రామ్) అడ్రస్‌ని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (లావాదేవీలన్నీ చూపించే వెబ్‌సైట్లో) తెరిచి హోల్డర్ల జాబితాకి వెళ్ళండి. పూల్, ఎక్స్‌ఛేంజ్ వాలెట్లు, చివర్న డెడ్ అని ఉండే బర్న్ అడ్రస్ తీసేశాక మొదటి పదిమంది దగ్గర ఎంతుందో కూడండి. కాలుస్తామంటున్న 50 శాతం ఏ వాలెట్‌లో ఉంది, అది ఇంతకుముందు ఎప్పుడైనా కదిలిందా? మొదట్నుంచీ కదలని టీమ్ వాలెట్ అయితే అది స్టెల్లార్ రకం బర్న్. డెడ్ అడ్రస్‌కి పంపితే కాంట్రాక్ట్ చూపించే టోటల్ సప్లై చాలాసార్లు తగ్గదు, బర్న్ ఫంక్షన్ వాడితేనే తగ్గుతుంది, అందులో మోసమేమీ లేదు, కంగారుపడకండి. కంగారుపడాల్సింది కాంట్రాక్ట్‌లో మింట్ ఫంక్షన్ (కొత్త కాయిన్లు ముద్రించే వీలు) ఇంకా ఓనర్ చేతిలో ఉంటే, లేదా కాంట్రాక్ట్‌ని అప్‌గ్రేడ్ చేసే వీలుంటే. ఎడం చేత్తో కాల్చి కుడి చేత్తో ముద్రించుకోవచ్చు. పూల్‌లో ఎన్ని డాలర్లున్నాయో చూసి, మీ వాటా మొత్తం అమ్మితే చేతికెంతొస్తుందో పైన చెప్పిన గుణకారంతో లెక్కేసుకోండి, మీ కాయిన్ నిజమైన ధర మీకు అదే.

లాక్ అయి ఉన్న టోకెన్లు ఎప్పుడు విడుదలవుతాయో కూడా చూడండి. 2025 జనవరిలో వచ్చిన ట్రంప్ మీమ్ కాయిన్‌లో 100 కోట్లలో మొదట బయటికొచ్చింది 20 కోట్లే, మిగతా 80 శాతం దాన్ని తెచ్చిన కంపెనీల దగ్గరుండి మూడేళ్ళలో విడతలుగా విడుదలయ్యే ఏర్పాటు. అలాంటి కాయిన్‌లో తిరుగుతున్న సప్లైని బట్టి కట్టిన మార్కెట్ క్యాప్ చూసి చవక అనుకుంటే, మిగతా ఐదింట నాలుగు వంతుల ఖరీదు మర్చిపోయినట్టే. బర్న్ ప్రకటన, పెద్ద అన్‌లాక్ ఒకే నెలలో పడుతున్నాయంటే నాకు అనుమానం వస్తుంది, మీకూ రావాలి.

మీరు బర్న్ తేదీ 20 రోజుల్లో అన్నారు, గ్రూపులో కౌంట్‌డౌన్ నడుస్తోందన్నారు. నిజంగా కాల్చాలనుకుంటే ఈ రోజే ఒక్క లావాదేవీతో అయిపోతుంది, 20 రోజులు ఆగడానికి సాధారణంగా సాంకేతిక కారణం ఏమీ ఉండదు. ఆ 20 రోజులూ మీరందరూ అమ్మకుండా ఉంటారు, కొత్తవాళ్ళు కొంటూ ఉంటారు. మొదటి పది వాలెట్ల అడ్రసులకి ఎక్స్‌ప్లోరర్‌లో అలర్ట్ పెట్టుకోండి. తేదీకి ముందు వాటిలోంచి పూల్‌కి గానీ ఎక్స్‌ఛేంజ్‌కి గానీ కాయిన్లు కదలడం మొదలైతే, బర్న్ దాకా ఆగక్కర్లేదు.